పసుపు గీత అవతల

జూన్ 9

నేను పరీక్షించాల్సిన కూడలి మధ్యలో ఒక పడవ ఉంది. సముద్రం ఇక్కడికి ఒక పూట ప్రయాణం. కొండ వాలు మీద, నాలుగు రోడ్లు కలిసే చోట, సిమెంటు దిమ్మె మీద రంగు వెలిసిన చేపల పడవ. ఊళ్లోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందు దాన్నే చూస్తారట. నేను మాత్రం నేల మీది పసుపు గీతను చూశాను. అది నా ఉద్యోగం.

కూడలి చుట్టూ గుండ్రంగా గీసిన గీత అది. దాని లోపల బండి ఎవరినైనా గుద్దితే కూడలి ప్రమాదం. బయట గుద్దితే రోడ్డు ప్రమాదం. కూడలి ప్రమాదాల లెక్క మా శాఖది. రోడ్డు ప్రమాదాలకు వేరే శాఖ ఉండేది. దాన్ని ఎత్తేసి చాలా కాలమైంది.

ఎగువపాలెం వాళ్లందరూ ఒకప్పుడు ఒడ్డున దిగువపాలెంలో ఉండేవాళ్లు. ఆ ఊరు నీళ్లలో కలిసిపోయాక ప్రభుత్వం వాళ్లను ఈ కొండ మీదికి తెచ్చి, రోడ్డుకు అటూ ఇటూ ఇళ్లు కట్టించింది. రోడ్డు మీద తిరిగే బండ్లు వాళ్లవి కావు. కొండల్లోంచి ఇనుపరాయి మోసుకుని కొత్త రేవుకు పోయే లారీలు. ఒక్కదానిలోనూ మనిషి లేడు. రాష్ట్రంలో కదిలే ప్రతి బండినీ ఒక్క చోటి నుంచి నడిపేది పగ్గం అనే యంత్రం. అది వచ్చాకే సిగ్నల్ స్తంభాలు పీకేశారు.

మా ముఖ్య పరీక్షకుడు ముకుందరావు గారు పంపేటప్పుడే చెప్పారు. "సుభాషిణీ, నువ్వు కొత్తగా కనిపెట్టేదేమీ లేదక్కడ. ఏళ్ల తరబడి ఒక్క ప్రమాదం కూడా లేదు. వానాకాలం అంతా ఉండి, చూసి, భద్రమైన కూడలి అని రాసి వచ్చెయ్. ఆ సర్టిఫికెట్ వస్తే అక్కడ వేగం పెంచుకోవచ్చని రేవు వాళ్లు ఎదురుచూస్తున్నారు."

కూడలి పక్కనే సూరాడ పోలమ్మ గారింటి మేడ గదిలో దిగాను. పోలమ్మ ఇడ్లీ బండి నడుపుతుంది. భర్త అప్పలకొండ పడవలు చేసిన వడ్రంగి. కూడలిలోని పడవ ఆయన చేసిందే. కూతురు నూకరత్నం ఆరోగ్య కేంద్రంలో నర్సు.

నేను వచ్చిన పని చెబితే పోలమ్మ గరిటె ఆపి నా వైపు చూసింది.

"ఏటమ్మా, రోడ్డుకి పరీచ్చ పెడతావా? పాసవుద్దేటి?"

"ఇప్పటిదాకా మార్కులు బాగానే ఉన్నాయి పోలమ్మ గారూ."

"ఎవులేసినారు ఆ మార్కులు?"

రత్నం పక్కున నవ్వింది. నేనూ నవ్వాను.

జూన్ 26

నా పని చూసేవాళ్లకు పనిలా కనిపించదు. పొద్దున్నే కూడలి మూల రేకుల పందిరి కింద కూర్చుంటాను. ఏ దారిలోంచి ఎన్ని బండ్లు వస్తున్నాయో, ఎక్కడ గట్టిగా బ్రేకు పడుతోందో, ఏ గోడ ఏ దారిని కనపడకుండా చేస్తోందో చూస్తాను. మధ్యాహ్నం గొడుగు వేసుకుని నాలుగు రోడ్ల వెంట నడుస్తాను. టైర్ల గుర్తులు నేల మీద చాలా సంగతులు చెబుతాయి.

ఇక్కడ అవి చెప్పే సంగతి నాకు నచ్చడం లేదు. గీత లోపల ఒక్క గుర్తూ లేదు. అంత బరువుతో వచ్చే లారీ, గీత దాటి లోపలికి రాగానే నిద్రపోతున్న పిల్లను దాటుకెళ్తున్నట్టు మెత్తగా నడుస్తుంది. మేక అడ్డం వస్తే ఆగి, అది మేసి కదిలేదాకా చూస్తుంది. అవతలి గీత దాటగానే ఇంజిన్ ఒక్కసారిగా అరుస్తుంది. లోపల పోయిన సమయాన్ని బయట రాబట్టుకోవాలి కదా. నల్లటి గుర్తులన్నీ గీత అవతలే. ఒక్కో దారిలో తారు కమిలిపోయి ఉంది.

జనం దాటే తెల్లచారలు గీత అవతలే ఉన్నాయి. బస్సు ఆగే చోటూ అవతలే. రెండూ కూడలికి దూరంగా ఉండాలని నియమం. ఆ నియమం రాసినవాళ్లలో మా శాఖ వాళ్లూ ఉన్నారు.

సాయంత్రం రత్నాన్ని అడిగాను, ఆరోగ్య కేంద్రానికి రోడ్డు దెబ్బలు తగిలినవాళ్లు వస్తారా అని.

"రాకేం మేడమ్. కాళ్లిరిగినోళ్లు, తల పగిలినోళ్లు. పోయిన్నెల్లో ఆవుని తోలుకెళ్తున్న ముసలాయన పోయాడు."

"మరి మా లెక్కలో ఒక్కటీ లేదే?"

"మేం రాస్తూనే ఉంటాం. కూడలిలోనా అని అడుగుతాది కంప్యూటరు. కాదని నొక్కితే ఆ పేజీ మూసుకుపోద్ది. ఔనని నొక్కుదామంటే అబద్ధం రాసినట్టవుద్ది కదా."

పక్కనే ఉలికి పదును పెడుతున్న అప్పలకొండ తల ఎత్తాడు. "జంక్షన్లో ఎవులికీ ఏటీ అవదమ్మా. పడవ కాస్తంది. దాని నీడ దాటినాకే మనకి గండం."

ఊరంతా అలాగే నమ్ముతుంది. లారీలు పక్కకు తప్పుకుంటూ పోవడం చూసి పడవకు పసుపు కుంకుమ పెడుతున్నారు. పడవకు ఆ శక్తి లేదని అప్పుడే చెప్పి ఉండవచ్చు. ఆయన తన చేతులతో చేసిన పడవ అది.

జూలై 11

గీతను ఊరి చివరి ఇళ్ల దాకా జరపమని కార్యాలయానికి రాశాను. గీత ఎక్కడుండాలో చట్టంలో ఉందని, చట్టం మార్చడం నా పని కాదని జవాబొచ్చింది.

రత్నం నన్ను అక్కా అనడం మొదలుపెట్టింది. నిన్న టీకాలు వేయడానికి పై వీధులకు వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. ఏ ఇంట్లో చంటిపిల్ల ఉందో, ఏ ఇంట్లో మామగారు మందులు మింగకుండా తలగడ కింద దాస్తాడో ఆమెకు తెలుసు. ఒక ఇంట్లో అలా దాచిన మాత్రలన్నీ తీసి ముసలాయన అరచేతిలో పోసి, "తాతా, ఇయ్యన్నీ నువ్వు మింగినట్టు నేను రాసేశాను. ఇప్పుడు నాకేటి దారి?" అంది. ఆయన సిగ్గుపడి, ఆమె ముందే ఒకటి మింగాడు.

దిగి వస్తూ ఎండుచేపల పులుసు తినడం ఎలాగో నేర్పుతానంది. "ముల్లు తీసుకుంటా కూకుంటే పులుసు చల్లారిపోద్దక్కా. నాలికతోనే ఏరాల."

బస్సు ఆగే చోటు దగ్గరికి వచ్చేసరికి ఆమె మాటలు ఆగిపోయాయి. అక్కడ ఎప్పుడూ అంతే. రెండు వైపులా చూసి, నా మోచెయ్యి పట్టుకుని, పరుగు లాంటి నడకతో దాటించింది. "వానొస్తే ఇక్కడ బాగా జారతాది," అంది అవతలికి వెళ్లాక. తరవాత మళ్లీ పులుసు సంగతి ఎత్తుకుంది.

జూలై 19

రత్నం పోయింది.

మధ్యాహ్నం. గట్టి వాన. నేను పందిరి కింద ఉన్నాను. పక్క ఊరి కేంద్రంలో పని ముగించుకుని బస్సు దిగింది. చేతిలో టీకాల పెట్టె, పైన గొడుగు. బస్సు వెళ్లిపోయాక తెల్లచారల మీద కాలు పెట్టింది. కూడలిలోంచి ఒక లారీ మెల్లగా, మర్యాదగా వచ్చి గీత దాటింది. దాటగానే అరిచింది. నేను లేచి నిలబడ్డాను. ఆమె పేరు పెట్టి పిలిచానో లేదో తెలియదు. పిలిచినా ఆ వానలో వినపడదు.

నేను వెళ్లేసరికి లారీ ఆగి ఉంది. దాని ముందు దీపాలు వెలిగి ఆరుతున్నాయి. "దారిలో అడ్డంకి ఎదురైంది. ఆలస్యానికి చింతిస్తున్నాం," అని ఎవరో ఆడమనిషి గొంతు అందులోంచి పదే పదే అంటోంది. రత్నం తల నా ఒడిలో పెట్టుకున్నాను. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి. వాన వాటిలో పడుతుంటే చెయ్యి అడ్డం పెట్టాను.

పోలమ్మ గరిటె చేతిలో పట్టుకునే పరుగెత్తుకొచ్చింది. ఏడవలేదు. లారీ దగ్గరికి వెళ్లి, మనిషి ఉండాల్సిన కిటికీ వైపు తల ఎత్తి, "దిగు," అంది. "దిగి సూడు." మళ్లీ మళ్లీ అదే అంది. కాసేపటికి లారీ వెనక్కి జరిగి, పక్కనుంచి తప్పుకుని వెళ్లిపోయింది.

జూలై 23

నివేదిక పంపాను. టైరు గుర్తుల కొలతలు, గీత లోపలి వేగం, బయటి వేగం, ఆరోగ్య కేంద్రంలో కట్లు కట్టించుకున్నవాళ్ల సంగతి. ఈ కూడలిలో ప్రమాదాలు తగ్గలేదని, గీత అవతలికి నెట్టామని రాశాను. రాయడానికి ఏ కష్టమూ లేదు. చిన్నపిల్లకైనా కనిపించేంత తేటతెల్లమైన విషయం.

ముకుందరావు గారు ఫోన్ చేశారు.

"ఆ అమ్మాయి పడింది గీతకు ఎటువైపమ్మా?"

"బయట సార్."

"మరి?"

"లోపల పోయిన సమయం రాబట్టుకోవాలనే లారీ ఉరికింది. ఉరికింది కాబట్టే ఆపలేకపోయింది. కూడలి వల్లే చనిపోయింది సార్."

ముకుందరావు గారు మంచి మనిషే. నాకు పని నేర్పింది ఆయనే. కొలత టేపు ఎలా పట్టుకోవాలో దగ్గర నిలబడి చూపించారు.

"చదివాను. బాగా రాశావు. అందుకే తిప్పి పంపుతున్నాను. ఇది నా చేతుల్లోంచి పైకి వెళ్తే, రాష్ట్రంలో మనం భద్రమని రాసిన కూడళ్లన్నీ తిరిగి చూడమంటారు. ఎన్ని ఉన్నాయో తెలుసా నీకు?"

"తెలుసు సార్. కొన్ని నేనే రాశాను."

"అయితే ఇంకేం చెప్పాలి," అని పెట్టేశారు.

కింద, రత్నాన్ని ఉంచడానికి అప్పలకొండ పెట్టె చేయగా మిగిలిన చెక్కముక్కలు ఇంకా వాకిట్లోనే ఉన్నాయి. ఎవరూ ఊడవడం లేదు.

ఆగస్టు 3

నిన్న పెద్దకర్మ అయింది. జనం వెళ్లిపోయాక పోలమ్మ అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"మా ఆయన రోజూ ఆ పడవకాడికెల్లి కూకుంటన్నాడు. నా పిల్లని ఎందుకు కాయలేదు అని దాన్నడుగుతన్నాడు. నువ్వు సదువుకున్నదానివి. నాకు నిజం సెప్పు. ఆ పడవ కాస్తందా?"

"లేదు పిన్నీ. కాసేది పడవ కాదు, పసుపు గీత. దాని లోపల ఎవరినైనా గుద్దితే లెక్కలోకి వస్తుంది. అందుకని పగ్గం లోపల జాగ్రత్తగా ఉంటుంది. బయట ఎవరు పోయినా దానికి లెక్క లేదు."

ఆమె కూడలి వైపు చూసింది.

"రత్నం ఇటు నాలుగడుగులు ఏసుంటే?"

ఆ ప్రశ్నకు జవాబు నాకు తెలుసు. ఆమెకూ తెలిసిపోయింది.

"అంటే గీత లోపల నిలబడినోళ్లని బండి గుద్దదు."

"ఇప్పటిదాకా గుద్దలేదు."

ఈ పొద్దున లేచి చూస్తే పోలమ్మ ఇడ్లీ బండి ఎప్పుడూ ఉండే చోట లేదు. గీత లోపల, పడవ దిమ్మెకు ఆనించి, రోడ్డుకు అడ్డంగా పెట్టి పొయ్యి వెలిగించింది. నాలుగు వైపులా లారీలు ఆగిపోయి ఉన్నాయి. ఆమె వాటి వైపు చూడనైనా చూడలేదు. మొదటి వాయి దించి, దాటుకొచ్చినవాళ్లకు వడ్డిస్తోంది.

ఆగస్టు 24

ఇప్పుడు ఊరంతా కూడలిలోనే ఉంది.

పోలమ్మ తరవాత ఎండుచేపల గంపలు వచ్చాయి. మంగలి ఎర్రినాయుడు కుర్చీ, అద్దం తెచ్చుకున్నాడు. బడి రోడ్డు అవతల ఉండటంతో పిల్లల్ని పంపడానికి జనం భయపడేవాళ్లు. ఇప్పుడు పంతులమ్మ నల్లబల్ల పట్టుకొచ్చి పడవ నీడలో పాఠం చెబుతోంది. ఎవరో పడవ కొసకు ఉయ్యాల కట్టారు. జనం గీత లోపల నిలబడితే బస్సు కూడా లోపలికే వచ్చి ఆగడం మొదలుపెట్టింది. లారీలు ఒకదాని వెనక ఒకటి, గంపల మధ్య దారి చూసుకుంటూ, పిలవని పేరంటానికి వచ్చినవాళ్లలా బిడియంగా కదులుతాయి. ఒక లారీ పంతులమ్మ పాఠం అయ్యేదాకా అలాగే నిలబడింది.

ఈ మూడు వారాల్లో ఒక్కరికీ గీరుకుపోలేదు. నా ఉద్యోగంలో ఇంత భద్రమైన కూడలి చూడలేదు. ఆ మాటే రాసి, గీతను ఊరంతా చుట్టేలా పొడిగిస్తే చాలునని సిఫార్సు చేశాను. రాస్తుంటే సంతోషంగా ఉంది. రత్నం పోయిన తరవాత మళ్లీ సంతోషపడినందుకు నా మీద నాకే కోపం వచ్చింది.

అప్పలకొండ పడవకు కొత్త రంగు వేస్తున్నాడు. "గీత అంటావు నువ్వు," అన్నాడు నాతో. "గీత దేని సుట్టూ గీసినారు? పడవ సుట్టూనే గదా." నేను వాదించలేదు. ఆయన ఈ మధ్య మాట్లాడిన మొదటి మాట అది.

సెప్టెంబర్ 8

ముకుందరావు గారు స్వయంగా వచ్చారు. గీత బయట బండి దిగి, ప్యాంటు మడుచుకుని, గంపల మధ్య నడుచుకుంటూ వచ్చారు. పోలమ్మ ఆయనకు ఇడ్లీ పెట్టింది. బాగున్నాయన్నారు. ఆమె ఎవరో నేను చెప్పాక ఆకు పక్కన పెట్టేశారు.

"రేవులో ఓడలు ఖాళీగా నిలబడుతున్నాయి సుభాషిణీ. నా మీద ఎంత ఒత్తిడి ఉందో నీకు చెప్పలేను."

"గీత పొడిగిస్తే ఊళ్లో ఒక్కచోటే గుమిగూడాల్సిన పని ఉండదు సార్. ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోతారు."

"ఊరు పొడుగునా లారీలు మేకల్లా నడవాలన్నమాట. ఎవరూ ఒప్పుకోరు." ఆయన జేబురుమాలుతో చేతులు తుడుచుకున్నారు. "వేరే దారి చూశారు. నాలుగు రోడ్లలో ఈ రెండూ ఊళ్లోకి పోయేవే కదా. వీటిని ఇంటి దారులని మారుస్తున్నారు. ఇంటి దారి రోడ్డు కాదు. అప్పుడు ఇక్కడ మిగిలేది ఒక్కటే తిన్నని రోడ్డు."

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది.

"అంటే ఇది కూడలి కాదా?"

"కాదు. ఇళ్లు తియ్యం, ఒక్క రాయి కదపం. పటంలో మాత్రమే. ఎల్లుండి పొద్దుటి నుంచి. ఆ రెండు దారుల్లో రాకపోకలు తక్కువని పరీక్షకురాలిగా నువ్వు సంతకం పెట్టాలి."

"ఇక్కడ పిల్లలు చదువుకుంటున్నారు సార్."

"అందుకే ముందుగా వచ్చి చెబుతున్నాను. ఖాళీ చేయించు."

సంతకం పెట్టనన్నాను. ఆయన కోప్పడలేదు. అలసిపోయినట్టు తల ఊపి, నా పేరు ఉండాల్సిన చోట తన పేరు రాసుకున్నారు. బండి ఎక్కేముందు వెనక్కి తిరిగి, "ఇళ్లు కట్టే ముందు నన్ను అడిగారు, ఈ రోడ్డు పక్కన ఊరు పెట్టవచ్చా అని. వద్దనే చెప్పాను," అన్నారు. ఆ మాట నాకెందుకు చెప్పారో తెలియదు.

సెప్టెంబర్ 10

నిన్నంతా ఇంటింటికీ తిరిగి చెప్పాను. వింటున్నట్టే విన్నారు. ఈ పొద్దున తెల్లారేసరికి అందరూ మళ్లీ కూడలిలోనే ఉన్నారు.

"లోపల ఉండొద్దు. గీత ఇంక కాయదు. దయచేసి లేవండి," అని గంప గంప దగ్గరికీ వెళ్లి బతిమాలాను.

ఎర్రినాయుడు కత్తి నూరుతూ అన్నాడు. "మొన్న గీత కాస్తాదన్నావు. నేడు కాయదంటన్నావు. పెద్దాయనొచ్చి ఇడ్లీ తిని ఎల్లినాక నీ మాట మారిపోనాది. లారీల కోసం మమ్మల్ని లేపుతన్నావేటమ్మా?"

ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని. గీత అలాగే పసుపుగా, నిన్న ఉన్న చోటే ఉంది. దాని మీద ఏ మార్పూ లేదు. చేత్తో చూపించడానికి ఏమీ లేదు.

పోలమ్మ నా ముఖంలోకి చూసింది. పొయ్యి మీది గిన్నె దించి, ఆ నీళ్లు నిప్పుల మీద పోసింది. పొగ లేస్తుంటే బండి చక్రాలకు అడ్డం పెట్టిన రాళ్లు తీసి, ఒక్కతే దాన్ని లాగసాగింది. నేను వెనకనుంచి నెట్టాను. బండి గీత దాటేసరికి పంతులమ్మ పిల్లల్ని లేపింది. చేపల గంపలు లేచాయి. చివరికి ఎర్రినాయుడు కుర్చీ మడిచాడు.

అప్పలకొండ లేవలేదు. పడవలో కూర్చుని ఉన్నాడు. "ఏటైనా అవనీ, నాను ఇందులోనే ఉంటాను," అన్నాడు.

పై నుంచి లారీ వస్తోంది. గీత దగ్గర దాని వేగం తగ్గలేదు. తిన్నని రోడ్డు మీద వచ్చినట్టే వచ్చింది. పోలమ్మ పరుగెత్తి భర్త చొక్కా పట్టుకుని ఇవతలికి లాగింది. ఇద్దరూ దిమ్మె మీంచి కింద పడ్డారు. లారీ పడవను చూసింది. చూసి పక్కకు తిరిగింది, కానీ ఆ వేగానికి ఆ తిరగడం చాలలేదు. పడవ ముందు భాగం విరిగి రోడ్డంతా చెక్కలైంది. ఉయ్యాల తాడు లారీకి చుట్టుకుని దానితోపాటే వెళ్లిపోయింది. అది ఆగలేదు. పడవలో మనిషి లేడు కదా.

అప్పలకొండ లేచి చెక్కల్ని చూశాడు. ఒక్కటి కూడా చేత్తో ముట్టుకోలేదు. ఇంట్లోకి వెళ్లి గునపం తెచ్చుకుని, నడిరోడ్డు మీద తారులోకి దించాడు. నాలుగు దెబ్బలు వేశాక అందరికీ అర్థమైంది. మగవాళ్లు పారలు తెచ్చారు.

"అక్కడ కాదు," అన్నాను. "అక్కడ తవ్వితే లారీకి దూరం నుంచి కనపడదు. మీ మీదికే వస్తుంది. పై మలుపు దాటాక తవ్వాలి. అక్కడైతే ముందే చూసి ఆగుతుంది."

ఎర్రినాయుడు నా వైపు చూసి, ఒక పార నా చేతికిచ్చాడు. భద్రమైన చోటు చూపించడం నా ఉద్యోగం. చూపించాను. వాళ్లతోపాటు తవ్వాను. సాయంత్రానికి ఊరి పైన ఒక కందకం, ఊరి కింద ఒక కందకం. లారీలు వచ్చాయి, ఆగాయి, కాసేపు దీపాలు వెలిగించి ఆర్పి, వెనక్కి తిరిగాయి.

సెప్టెంబర్ 29

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. అదే రోజు ఎగువపాలెం రోడ్డుకు భద్రతా సర్టిఫికెట్ వచ్చింది. బండ్లు తిరగని రోడ్డు మీద ప్రమాదం జరగదు కాబట్టి అందులో అబద్ధమేమీ లేదు. తవ్విన గోతులు పూడ్చడానికి ఎవరూ రాలేదు. లారీలకు వేరే దారి దొరికిందట. రేవు వాళ్లు శాంతించారట.

ఊరికి కష్టంగానే ఉంది. బస్సు లేదు. బియ్యం బస్తాలు కందకం దగ్గర దించుకుని భుజాల మీద మోసుకొస్తున్నాం. పురుడు కష్టమైన ఒక పిల్లను మంచం మీద కింది మలుపు దాకా మోశాం. దక్కింది. కానీ పిల్లలు రోడ్డు మీద ఆడుకుంటున్నారు. ముసలివాళ్లు అటూ ఇటూ చూడకుండా దాటుతున్నారు. పోలమ్మ నన్ను వెళ్లమనలేదు. నేనూ వెళ్తాననలేదు.

అక్టోబర్ 14

ఈ పొద్దున కింది కందకం మీద వేసిన పలక దాటుకుని ఒకతను వచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు. పేరు గంగునాయుడు. ఊరు చినమల్లాడ, లోయ అవతల. రోడ్డు తవ్వినోళ్లు ఎవరని అడిగితే జనం పోలమ్మ బండి దగ్గరికి పంపారు.

పోలమ్మ అతన్ని కూర్చోమంది. అతను కూర్చోలేదు.

"మీరు గొయ్యి తవ్వినాక లారీలన్నీ మా ఊరి మీంచి ఎల్తన్నాయి. మాది సన్న దారి. ఎప్పుడూ ఎడ్లబండి తప్ప ఎరగం. మా ఇంటిది నీళ్లకెళ్లి మరి తిరిగి రాలేదు. పూడ్చీమని అడుగుదామని వచ్చినాను."

ఎర్రినాయుడు నేల చూపులు చూశాడు. ఊరంతా ఈ నెల రోజులూ ఊపిరి తీసుకుంది, ఆ ఊపిరి ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ అడగలేదు. నేను అడగాల్సింది. కూడలి నుంచి గీత అవతలికి, ఊరి నుంచి లోయ అవతలికి. లెక్క తెలిసినదాన్ని నేనే.

"నా పిల్ల అక్కడ పోయింది నాయినా," అంది పోలమ్మ, తెల్లచారల వైపు చెయ్యి చూపించి. "పూడ్చలేను. నువ్వు ఏటన్నా అను."

అతను అటు చూసి, అప్పుడు కూర్చున్నాడు. పోలమ్మ ఆకులో ఇడ్లీలు పెట్టి ముందుంచింది. చాలాసేపటికి తిన్నాడు. తిన్నాక అప్పలకొండ లేచి ఇంట్లోకి వెళ్లి, గునపం తెచ్చి అతని పక్కన గోడకు ఆనించాడు.

గంగునాయుడు దాని వైపు చూసి, నా వైపు తిరిగాడు. "మీరు రోడ్ల ఆఫీసరంట గదా. మేమూ తవ్వీసినామనుకోండి. ఆ బండ్లు ఎటు పోతాయి?"

తెలియదని చెప్పవచ్చు. ఈ కొండల పటం నాకు కంఠతా వచ్చు.

"గుమ్మిడివలస మీదుగా," అన్నాను.

"గుమ్మిడివలసలో మా సెల్లెలుంది," అన్నాడు. "ఇద్దరు పిల్లలు."

ఎండ ఎక్కింది. పోలమ్మ పొయ్యిలో పుల్లలు వెనక్కి లాగింది. అతను చేతులు కడుక్కుని వచ్చి, గునపం తీసి భుజాన పెట్టుకున్నాడు. బరువు సరిచూసుకున్నాడు.

"ముందు గుమ్మిడివలస ఎల్లి సెప్పొస్తాను. తరవాత తవ్వుకుంటాం."

"ఏటని సెప్తావు నాయినా?" అని అడిగింది పోలమ్మ.

అతను అప్పటికే కందకం వైపు నడక మొదలుపెట్టాడు.

"రోడ్డు మీదికి రావద్దని," అన్నాడు.